వేగాస్‌లో ఏది మేలు: స్లాటా, రూలెటా, వీడియో పోకరా?

లాంగ్ వీకెండ్ వస్తే చాలు, వేగాస్ బయల్దేరే మనవాళ్లు అడిగేది ఇదే: "సరదాకి వంద డాలర్లు పెడదామనుకుంటున్నాం, దేని మీద పెట్టాలి?" దేని మీద పెట్టినా చివరికి గెలిచేది కేసినోనే. ఆ వంద ఎంతసేపు నిలుస్తుందన్నదే తేడా.

మొదట స్లాట్, అంటే బొమ్మల చక్రాలు (రీళ్లు) తిరిగే మెషీన్. నెవాడా నిబంధన ప్రకారం అది పెట్టిన పందేల్లో సగటున కనీసం 75 శాతం తిరిగి ఇవ్వాలి. అసలు ఎంత ఇస్తుందో మెషీన్ మీద రాసుండదు. అచ్చం ఒకేలా ఉన్న రెండు మెషీన్లలో శాతాలు వేరుగా ఉండొచ్చు. రీళ్లు చూసి లెక్కేద్దామన్నా కుదరదు. 22 గడుల రీళ్లు మూడు, ఒక్కోదానిలో జాక్‌పాట్ గుర్తు ఒకటే అనుకుంటే 10,648లో ఒక ఛాన్స్ ఉండాలి. కానీ ఇంగె టెల్నస్ అనే ఆవిష్కర్తకు 1984లో పేటెంట్ వచ్చిన పద్ధతిలో ఫలితం తేల్చేది లోపలి చిప్పు, లాటరీలా అంకె తీసి. అందులో రీలుకు 64 అంకెలు పెట్టి, జాక్‌పాట్‌కు ఒక్కటే ఇస్తే ఛాన్స్ 2,62,144లో ఒకటికి పడిపోతుంది. జాక్‌పాట్‌కు పైనా కిందా ఉన్న ఖాళీ గడులకు ఎక్కువ అంకెలిస్తే సరి, "అయ్యో, కొద్దిలో తప్పిపోయిందే" అని మళ్లీ నొక్కుతాం.

రూలెట్‌లో దాపరికం లేదు. 38 గడులు, ఒక గడి మీద పెట్టి గెలిస్తే పందెం కాక 35 రెట్లు. పందేల్లో సగటున కేసినోకు మిగిలే వాటా 5.26 శాతం. మూడు సున్నాల చక్రమైతే 7.69, దాని దగ్గర ఆగొద్దు. అయితే వేగం కూడా చూడాలి. 15 డాలర్ల పందెంతో గంటకు 40 సార్లు ఆడితే సగటున దాదాపు 32 డాలర్లు పోతాయి. అర డాలరు చొప్పున గంటకు 600 సార్లు నొక్కే స్లాట్‌లో, వాటా పది శాతం అనుకున్నా, 30 పోతాయి. పెన్నీ స్లాట్ (సెంటు లెక్కన పందెం కట్టేది) చవక అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడండి.

కీనో (లాటరీలాంటి అంకెల ఆట) జోలికి పోకండి. బ్లాక్‌జాక్‌కి (మొదటి రెండు కార్డులతోనే 21) 6:5, అంటే 5 డాలర్లకు 6 మాత్రమే ఇచ్చే బల్లల దగ్గర కూర్చోకండి.

నా ఓటు వీడియో పోకర్‌కే, అంటే తెర మీద ఐదు కార్డులొస్తే కావలసినవి ఉంచి మిగతావి మార్చుకునే ఆటకే. నెవాడాలో అది నిజమైన 52 కార్డుల పేకలాగే పంచాలి, కాబట్టి తెర మీది చెల్లింపుల పట్టిక చదివితే శాతం తెలిసిపోతుంది. జాక్స్ ఆర్ బెటర్ అనే రకంలో ఫుల్ హౌస్‌కి (ఒకే విలువవి మూడు, ఇంకో విలువవి రెండు) నాణేనికి 9, ఫ్లష్‌కి (ఐదూ ఒకే రంగు గుర్తు) 6 ఉంటే, ఐదు నాణేలు వేసి తప్పుల్లేకుండా ఆడితే 99.54 శాతం. అదే 8, 5 ఉంటే 97.30. మొదటి రకం దొరికితే 1.25 డాలర్ల చొప్పున గంటకు 500 చేతులాడినా సగటు నష్టం మూడు డాలర్ల లోపే. అందులో ఒక మెలిక ఉంది: ఆ 99.54లో దాదాపు రెండు శాతం రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తులో పది నుంచి ఏస్ దాకా) నుంచే వస్తుంది, అది పడేది సుమారు 40 వేల చేతులకోసారి. అది పడని గంటలో నష్టం 15 డాలర్లు అనుకోండి. అయినా స్లాట్‌లో పోయేదాంట్లో సగమే.