ఆస్టోరియాలో మూడేళ్లు బెల్లీ డాన్స్ నేర్చుకున్నాక నా రివ్యూ

మొన్న మా ఫ్రెండ్ ఒకావిడ "ఎలా ఉంటాయే క్లాసులు, పొట్ట తగ్గుతుందా" అని అడిగింది, రిప్లై రాస్తూ రాస్తూ చాంతాడంత అయింది, సరే ఇక్కడే పెట్టేస్తున్నా. పొట్ట తగ్గలేదు, అది ముందే చెప్పేస్తున్నా.

న్యూయార్క్ క్వీన్స్‌లో ఆస్టోరియా అనే ఏరియాలో స్టైన్‌వే స్ట్రీట్ ఉంది కదా, 28వ అవెన్యూ నుంచి ఆస్టోరియా బులవార్డ్ దాకా ఉన్న ముక్కని లిటిల్ ఈజిప్ట్ అంటారు, హుక్కా కేఫ్‌లు, మసీదు, అరబిక్ బోర్డులు, ఇంకాస్త అటు నడిస్తే గ్రీకు బేకరీలు. బెల్లీ డాన్స్ కూడా ఈజిప్టు వైపు నుంచి వచ్చిందే, తుంటి, నడుం ఆడించే డాన్స్. మా స్టూడియో అక్కడికి నడిచిపోయేంత దూరంలో, ఒక లాండ్రీ షాపు పైన. బుధవారం సాయంత్రం గంటంబావు క్లాసు, ఒక్క క్లాసుకైతే 25 డాలర్లు, పది ఒకేసారి కొంటే 200.

చిన్నప్పుడు విజయవాడలో ఆరేళ్లు కూచిపూడి నేర్చుకున్నా, ఇదెంతలే అనుకుని వెళ్లా, తీరా చూస్తే మొదటి నెల అందరికన్నా వెనక నేనే. మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడే అరమండిలో తుంటి కాస్త పక్కకి పోతే మాస్టారు తాళం కర్రతో ఠంగుమని ఒక్కటి కొట్టేవారు, ఆ భయం ఇంకా ఒంట్లోనే ఉన్నట్టుంది, ఇక్కడ టీచరేమో తుంటి వదిలెయ్ వదిలెయ్ అంటుంది, ఎక్కడ వదులుతా. షిమ్మీ అంటే నడుం ఊపడం అనుకున్నా కానీ అది కాదంట, మోకాళ్లు కొంచెం వంచి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా గబగబా చాపుతూ ముడుస్తూ ఉంటే తుంటి దానంతటదే వణుకుతుంది, పైన భుజాలు మాత్రం నీళ్ల బిందె మోస్తున్నట్టు కదలకూడదు. నాకు ఐదు నెలలు పట్టింది. స్టవ్ ముందు ఉప్మా కలుపుతూ ప్రాక్టీస్ చేస్తుంటే ఒకరోజు ఉన్నట్టుండి వచ్చేసింది, ఉప్మా అడుగంటింది.

అన్నిటికన్నా నచ్చింది మాత్రం తాళం. క్లాసులో వాయించే డప్పు దర్బుకా, దాన్ని ఈజిప్టు వాళ్లు తబ్లా అనే అంటారు, కూజాని అడ్డంగా ఒళ్లో పడుకోబెట్టుకున్నట్టు ఉంటుంది, మధ్యలో కొడితే దుమ్, అంచు మీద కొడితే తెక్. మక్సూమ్ అని ఒక తాళం, దుమ్ తెక్, తెక్ దుమ్ తెక్. అందులో రెండో తెక్ తీసి దుమ్ పెడితే సయీదీ, దుమ్ తెక్, దుమ్ దుమ్ తెక్, అంతే, ఆ ఒక్క దెబ్బ మారితే నడకే మారిపోతుంది, బరువంతా కిందకి దిగుతుంది. సయీదీ అంటే ఎగువ ఈజిప్టుది, అంటే ఈజిప్టులో దక్షిణం వైపుది, అక్కడ మగవాళ్లకి తహ్తీబ్ అని అచ్చం మన కర్రసాములాంటిది ఉంది, 2016లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ లిస్టులోకి కూడా ఎక్కింది, దాన్నే అనుకరిస్తూ ఆడవాళ్లు సన్న కర్ర పట్టుకుని సరదాగా ఆడతారు. కర్ర తిప్పడం నేర్పిన రోజు మాత్రం నేను ఫస్ట్, మా తాతగారి ఊళ్లో సంక్రాంతికి చూసిందంతా పనికొచ్చింది. ట్యూబ్‌లైట్ ఒకటి పగిలింది, అది వేరే విషయం.

క్లాసులో అరవై దాటిన గ్రీకు ఆవిడ ఉంది, మా పెళ్లిళ్లలో చిఫ్తెతెలి అని ఇదే ఆడతాం, నాకు కొత్తగా నేర్పేదేంటి అంటుంది, అయినా ఒక్క బుధవారం మానదు. కొలంబియా నర్సు డ్యూటీ బట్టలతోనే వస్తుంది. క్లాసయ్యాక అందరం కొషరీ అని ఈజిప్టు వంటకం తింటాం, అన్నం, మసూర్ పప్పు, మాకరోనీ, శెనగలు, పైన టమాటా సాస్, వేయించిన ఉల్లిపాయలు, వినడానికి ఇంట్లో మిగిలినవన్నీ కలిపినట్టుంది గానీ వెల్లుల్లి వెనిగర్ పోసుకుని తినండి ఒకసారి. అందుకే పొట్ట తగ్గలేదేమో.

ఇక తిట్టాల్సినవి. పది క్లాసుల ప్యాకేజీకి మూడు నెలలే గడువు, నేను ఇండియాకి వెళ్లొచ్చేసరికి నాలుగు క్లాసులు పోయాయి, మెయిల్ పెడితే రూల్స్ అన్నారు, 80 డాలర్లు గోవిందా. బిగినర్స్ అని రాసుంటుంది కానీ పదేళ్ల నుంచి ఆడేవాళ్లు కూడా అందులోనే ముందు వరసలో నిలబడతారు, కొత్తవాళ్లకి అద్దం కనపడదు, టీచర్ కాళ్లూ కనపడవు. ఏడాదికోసారి ప్రోగ్రాం ముందు కాస్ట్యూమ్ కొనమని ఒకటే గోల. నేను గలబియ్య వేసుకున్నా, మెడ నుంచి పాదాల దాకా కప్పే పొడుగు గౌను, సయీదీకి అదే వేసుకుంటారు కూడా, కాబట్టి పొట్ట కనపడే బట్టలు వేసుకోవాలేమో అని ఆగిపోయినవాళ్లు నిశ్చింతగా రండి, మామూలు క్లాసుకి లెగ్గింగ్స్, టీషర్ట్ చాలు.

నడుముకి కట్టుకునే కాయిన్ల స్కార్ఫ్ మాత్రం మొదటి రోజే కొనకండి, స్టూడియోలో ఇస్తారు. నేను ఆన్‌లైన్‌లో చవకది కొన్నా, వీడియో కాల్‌లో చూసి మా అమ్మ "గజ్జెలు కాళ్లకి కదే కట్టుకునేది, నడుముకేంటే" అంది, రెండు వారాలకే కాయిన్లు రాలడం మొదలైంది, మొన్న బియ్యం డబ్బాలో కూడా ఒకటి దొరికింది.