కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ కొనే ల్యాబులకు హెచ్చరిక: లేబుల్ నమ్మి బిల్లు పాస్ చేయకండి

హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వైపు ల్యాబుల కోసం కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ (కార్బన్ డయాక్సైడ్, నీళ్లు కలిసి బైకార్బొనేట్ అయ్యే చర్యను వేగం చేసే ఎంజైము) కొనేవాళ్లు జాగ్రత్త. ఒక స్థానిక డీలర్ పంపిన ఆవు రక్తకణాల కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ లేబుల్ మీద మిల్లీగ్రాముకు 3,000 విల్బర్-ఆండర్సన్ యూనిట్లని (ఎంజైము చురుకుదనానికి కొలత) ఉంది. కొలిస్తే దాని దరిదాపుల్లో కూడా లేదు. ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద, ఈ ఎంజైము ఉండాల్సిన 29 కిలోడాల్టన్ల దగ్గర పల్చటి బ్యాండు, 66 దగ్గర మందంగా ఇంకొకటి. ఆ రెండోది ఆల్బుమిన్ (రక్తంలో ఉండే మరో ప్రోటీన్) అని మా గట్టి అనుమానం.

డీలర్‌ను నిలదీస్తే, మే ఎండకు దారిలో చల్లదనానికి పెట్టిన జెల్ ప్యాకులు కరిగిపోయాయంటున్నారు. ఈ ఎంజైము అంత సుకుమారం కాదు, పొడిగా ఉన్నప్పుడు ఒక పూట వేడికి ఇంతగా చచ్చిపోదు. ఎండకు 66 దగ్గర కొత్త బ్యాండు పుట్టుకురాదు కూడా. పెద్ద వయల్ (సీసా) విప్పి, వేరే ప్రోటీన్ కలిపి చిన్నవాటిలో నింపారనిపిస్తోంది.

"పారా-నైట్రోఫినైల్ ఎసిటేట్ వేస్తే పసుపు రంగు వస్తోంది కదా" అన్నది వాళ్ల రెండో వాదన. ఈ ఎంజైము ఆ ఎసిటేట్‌ను విడగొడితే పసుపు రంగు వస్తుంది, నిజమే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఆ ఎసిటేట్‌ను ఆల్బుమిన్ కూడా విడగొడుతుంది, క్షార బఫర్‌లో అది తనంతట తాను కూడా కొంత విడిపోతుంది. అందుకే ఎంజైము లేని బ్లాంక్ తప్పనిసరి. ఎంజైమును 1 మైక్రోమోలార్ లోపు ఉంచి, ఈ ఎంజైమును ఆపే ఎసిటజోలమైడ్ 10 మైక్రోమోలార్ కలిపి మళ్లీ చూడండి. అసలు సరుకైతే వేగం దాదాపు బ్లాంక్ స్థాయికి పడిపోవాలి. రంగు అదే వేగంతో వస్తుంటే అది వేరే ప్రోటీన్ పనే.

తుది తీర్పు మాత్రం కార్బన్ డయాక్సైడ్ పరీక్షదే. 20 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్ 6 మిల్లీలీటర్లు ఐసులో పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో సంతృప్తమైన చల్లటి నీళ్లు 4 మిల్లీలీటర్లు పోసి, పీహెచ్ 8.3 నుంచి 6.3కు దిగే సమయం చూడాలి. ఎంజైము లేని సమయంలోంచి ఉన్న సమయాన్ని తీసేసి, ఉన్న సమయంతో భాగిస్తే యూనిట్లు. ఐసు సరిపోకపోతే ఎంజైము లేకుండానే పీహెచ్ జారిపోతుంది, లెక్క తప్పుతుంది.

లేబుల్ అంకెనే నమ్మి ఈ సరుకును స్టాండర్డ్‌గా (పోల్చే ప్రమాణంగా) పెట్టుకుంటే ఎలుక మూత్రపిండంలోనో, చేప మొప్పల్లోనో ఎంజైము ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కార్-2 జన్యువు (ఈ ఎంజైములో ముఖ్య రకాన్ని తయారుచేసేది) లేని ఎలుకల్లో అసలు కొలవాల్సిందే కణపు పొరకు అంటుకున్న సీఏ-4 లాంటి మిగతా రకాల చిన్న మిగులు. అక్కడ ఈ తప్పు ఫలితాన్నే మార్చేస్తుంది. (కణజాలాన్ని హెపారిన్ సెలైన్‌తో కడగకపోతే రక్తంలోని ఎంజైము కూడా కలుస్తుంది, అది వేరే తలనొప్పి.)

తయారీదారు సీలు చెదరని వయల్, లాట్ నంబరుతో ఉన్న విశ్లేషణ పత్రం అడగండి. ఆ నంబరును డీలర్ ద్వారా కాకుండా నేరుగా తయారీదారునే అడిగి సరిచూసుకోండి. ఇప్పటికే తీసుకున్నవాళ్లు ఒక వయల్ విప్పకుండా 2–8 డిగ్రీల్లో దాచండి, డబ్బు వెనక్కి అడిగేటప్పుడు అదే ఆధారం.