గ్యాప్ తర్వాత మళ్ళీ పరుగు: ఇంటర్వెల్సా, నడక-పరుగా, జిమ్మా?

"డెంగీ వచ్చి నాలుగు నెలలు షూ ముట్టుకోలేదు, ఇప్పుడెలా మొదలుపెట్టాలి?" ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ దగ్గరపడేకొద్దీ ఇలాంటి ప్రశ్నలు ఎక్కువవుతాయి. కాన్పయినవాళ్ళు, చీలమండ కట్టు విప్పించుకున్నవాళ్ళు అడిగేదీ ఇదే. డాక్టర్ సరేనన్నాక మాట ఇది.

పరుగు ఆపితే మొదట తగ్గేది రక్తంలోని ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవ భాగం. దాంతో గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం తగ్గి, పాత వేగానికే ఆయాసం వస్తుంది. ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన పరిశీలనలో, బాగా సాధన చేసిన అథ్లెట్ల వీఓటూ మ్యాక్స్ (గట్టిగా శ్రమించేటప్పుడు ఒంటికి వాడుకోగలిగే ఆక్సిజన్ గరిష్ఠ మోతాదు, దమ్ముకు కొలత) మొదటి మూడు వారాల్లో 7 శాతం, 12 వారాలకు 16 శాతం పడింది. కండరాల్లోని సూక్ష్మ రక్తనాళాలు మాత్రం తగ్గలేదు. ఏళ్ళ తరబడి పరిగెత్తినవాళ్ళు కొత్తవాళ్ళ కంటే త్వరగా కోలుకోవడానికి ఇదొక కారణం.

ఇంటర్వెల్స్‌ని, అంటే కాసేపు వేగంగా పరిగెత్తి, కాసేపు నెమ్మదించి, మళ్ళీ వేగం అందుకునే సాధనని, తీసిపారేయలేం. పోయిన దమ్ము అంత త్వరగా తెచ్చేది ఇంకోటి లేదు. 1966లో డాలస్‌లో అయిదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచితే వీఓటూ మ్యాక్స్ పావు వంతుకు పైగా పడిపోయింది. ఎనిమిది వారాల గట్టి సాధనతో పోయిందంతా తిరిగి వచ్చింది.

చిక్కు కూడా అక్కడే ఉంది. దమ్ము వారాల్లో వస్తుంది, టెండన్లకూ (కండరాన్ని ఎముకకు కట్టిపడేసే తాళ్ళలాంటివి) ఎముకలకూ నెలలు పడుతుంది. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని కరిగించుకుని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. ఈ మధ్యకాలంలో అది బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే, మూడో వారమో నాలుగో వారమో, ఆయాసం తగ్గి "ఫామ్‌లోకి వచ్చేశాను" అనిపిస్తుంది. స్పీడ్ పెంచుతారు. మడమ వెనక నరం పట్టేయడం, మోకాలి కింద ముందు ఎముక నొప్పి అప్పుడే మొదలవుతాయి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన బ్యాడ్మింటన్ స్టార్ పీవీ సింధు, ఎడమ చీలమండ స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే భారం పడి ఎముకలో వచ్చే సన్నని పగులు) వల్ల మళ్ళీ కోర్టులో దిగింది 2023 జనవరిలో. ఫిజియోలు, ట్రైనర్లు వెంట ఉన్న ఆమెకే అన్ని నెలలు ఆగక తప్పలేదు.

అందుకే నా ఓటు నడక-పరుగుకే. రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, మొత్తం అరగంట. పక్కవాళ్ళతో మాట తెగకుండా మాట్లాడగలిగే వేగం చాలు. పెంచాలా వద్దా అన్నది వాచీ చూసి కాదు, పొద్దున మంచం దిగాక వేసే మొదటి అడుగులు చూసి తేల్చుకోండి. మడమ బిగుతు నాలుగడుగుల్లో పోతే ఫర్వాలేదు. స్నానానికి వెళ్ళేదాకా ఉంటే ఆ రోజు పరుగు మానేయండి.

జిమ్‌ని దీనికి పోటీగా చూడకండి, వారానికి రెండు రోజులు జత చేయండి. జిమ్ లేకపోతే ఇంటి మెట్లు చాలు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమను నెమ్మదిగా, మూడు లెక్కపెట్టేంత సేపు, కిందికి దించి మళ్ళీ లేపడం. పిక్కకూ మడమ నరానికీ దీన్ని మించింది నాకు కనపడలేదు.

సైకిల్, ఈత దమ్ముకు మంచివే. కాలికి అదురు తగలదు కాబట్టి పరుగుకు కాళ్ళు మాత్రం తయారు కావు.

ఆగకుండా అరగంట పరిగెత్తి, మర్నాడు మంచం దిగినప్పుడు ఏ నొప్పీ లేకపోతే అప్పుడు ఇంటర్వెల్స్ మొదలుపెట్టొచ్చు. నాలుగు నెలల గ్యాప్ తర్వాత దానికి రెండు నెలలైనా పట్టవచ్చు. ఆగస్టు రేసులో హాఫ్ మారథాన్‌కి (21 కి.మీ.) పేరిచ్చి ఉంటే 10కేకి (10 కి.మీ.) మార్చుకోండి. ఆ దారిలో ఫ్లైఓవర్లున్నాయి, ఎక్కుడు దారిలో భారమంతా పడేది పిక్కల మీద, మడమల మీదే.