గ్రీన్‌లాండా, ఓలాండా?

"పెద్ద దేశాల పోటీ మధ్య బతకాలంటే గ్రీన్‌లాండ్ స్వపరిపాలన మేలా, ఓలాండ్‌ది మేలా మాస్టారూ?" పర్లాకిమిడిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నన్ను ఈమధ్య తరచూ అడుగుతున్నారు.

గ్రీన్‌లాండ్ డెన్మార్క్ కింద, ఓలాండ్ ఫిన్లాండ్ కింద స్వపరిపాలన నడుపుకునే దీవులు. హక్కులు చూస్తే గ్రీన్‌లాండే ముందుంది. 2009 చట్టం ప్రకారం ప్రజలు కోరుకుంటే డెన్మార్క్ నుంచి విడిపోయే దారి ఉంది. ఓలాండ్‌కు అది లేదు. పోటీ వల్ల లాభం కూడా వచ్చింది. 2018లో విమానాశ్రయాల పనికి చైనా కంపెనీ ముందుకు రాగానే అమెరికాకు కంగారు పుట్టింది, డెన్మార్క్ మూట విప్పింది. మావంటే మావని తగువుపడే కొటియా ఊళ్లకు ఒడిశా, ఆంధ్రా పోటీపడి పథకాలు తెచ్చినట్టే.

కానీ 1951లో అమెరికా, డెన్మార్క్ కలిసి గ్రీన్‌లాండ్ గురించి రక్షణ ఒప్పందం రాసుకున్నాయి. 1953లో అక్కడి తూలె అనే అమెరికా సైనిక స్థావరం దగ్గరి ఇనుగ్విట్ అనే స్థానిక తెగ కుటుంబాలను ఊరు ఖాళీ చేయించారు. ఇప్పుడు ట్రంప్ ఆ దీవి కావాలంటున్నాడు. అక్కడున్నది 57 వేల మంది. విడిపోదామంటే బడ్జెట్‌లో దాదాపు సగం డెన్మార్క్ డబ్బే.

ఓలాండ్ జనం 30 వేలు. వాళ్లు స్వీడన్‌లో కలవాలనుకున్నారు, 1921లో నానాజాతి సమితి ఫిన్లాండ్‌కే ఇచ్చింది. మనసు విరిగే ఉంటుంది. అయితే స్వీడిష్ భాషకు, భూమికి సమితి ఫిన్లాండ్ చేత హామీలు రాయించింది. అదే ఏడాది 10 దేశాలు అక్కడ సైన్యం ఉండకూడదని సంతకాలు పెట్టాయి. స్థానిక హక్కు లేనివాళ్లు అనుమతి లేకుండా నేల కొనలేరు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇది: ఓలాండ్ శాసనసభ ఒప్పుకోకుండా ఫిన్లాండ్ ఆ స్వపరిపాలన చట్టాన్ని మార్చడానికి వీల్లేదు. 1936లో ఒడిశాలోకి వచ్చిన మా ఊళ్లో తెలుగుకి అంత గట్టి కాగితం ఎవరూ రాయించలేదు. నా మొగ్గు ఎటో పిల్లలకు ముందే తెలుసు.

హాంకాంగ్ సంగతి అడుగుతారు. 1997 నుంచి 50 ఏళ్లు స్వపరిపాలన ఉంటుందని చైనా మాట ఇచ్చింది, 2020 భద్రతా చట్టంతో ఆ మాట విలువ తెలిసింది. న్యూజిలాండ్‌తో ముడిపడి స్వపరిపాలన నడుపుకునే కుక్ దీవులు 2025లో చైనాతో ఒప్పందం చేసుకుంటే న్యూజిలాండ్ నిధులు ఆపింది. ఈ రెండూ పరీక్షకు చదివితే చాలు.

మొన్న ఒకబ్బాయి అడ్డం తిరిగాడు: "2023లో ఫిన్లాండ్ నాటోలో చేరింది కదా, ఓలాండ్‌ను ఇంకా ఎన్నాళ్లు సైన్యం లేకుండా ఉంచుతారు?" సైన్యం పెట్టాలనే వాళ్లు ఫిన్లాండ్‌లోనే ఉన్నారు. ఇంకా పెట్టలేదని మాత్రమే చెప్పగలిగాను.