పాత స్టార్టప్ స్క్రిప్ట్‌లతో పేస్‌మేకర్: కొన్నేళ్లు వాడాక

పేస్‌మేకర్ (ఒక సర్వర్‌లో సర్వీసు పడిపోతే దాన్ని మళ్లీ లేపే, అవసరమైతే మరో సర్వర్‌కి మార్చే లినక్స్ సాఫ్ట్‌వేర్) క్లస్టర్ గురించి ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఒకటే. మీ స్టార్టప్ స్క్రిప్ట్‌లో స్టాప్ ఏ ఎగ్జిట్ కోడ్ (పని అయిందో లేదో చెప్పే అంకె, 0 అంటే అయిందని) ఇస్తుందో చూసుకోండి. మిగతావన్నీ తర్వాత.

పాత స్క్రిప్ట్‌ని ఒక్క లైను మార్చకుండా ఎల్‌ఎస్‌బీ (లినక్స్ స్టార్టప్ స్క్రిప్ట్‌ల ప్రమాణం) రిసోర్స్‌గా, అంటే క్లస్టర్ చూసుకునే సర్వీసుగా, పెట్టేయొచ్చన్నది మొదట్లో నాకు తెగ నచ్చింది. నోడ్‌ని (క్లస్టర్‌లోని ఒక సర్వర్‌ని) స్టాండ్‌బైలో, అంటే పక్కన, పెడితే సర్వీసు చక్కగా రెండో నోడ్‌లో లేచేది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఒక రాత్రి ఆ సర్వీసు దానంతటదే క్రాష్ అయింది. స్టేటస్ సరిగ్గానే 3 ఇచ్చింది, అంటే నడవడం లేదని. ఇలాంటప్పుడు పేస్‌మేకర్ నేరుగా స్టార్ట్ చేయదు, ముందు స్టాప్ పిలుస్తుంది. సర్వీసుతో పాటు వచ్చిన ఆ స్క్రిప్ట్ ప్రాసెస్ కోసం వెతికి, కనబడకపోయేసరికి 1 ఇచ్చేసింది. ఆగిపోయినదాన్ని మళ్లీ ఆపమన్నా 0 ఇవ్వాలన్నది ఎల్‌ఎస్‌బీ నియమం. స్టాప్ ఫెయిలైందంటే సర్వీసు ఇంకా అక్కడే నడుస్తుండొచ్చు. రెండు నోడ్లూ ఒకే డేటా మీద రాస్తే ఇక అంతే సంగతులు. అందుకని క్లస్టర్ ఫెన్సింగ్‌కి (అనుమానం ఉన్న నోడ్‌ని బలవంతంగా ఆపేయడానికి) దిగి ఏకంగా నోడ్‌నే రీబూట్ చేసింది. దాని మీద ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్న మిగతా సర్వీసులు కూడా పడిపోయి, అవతలి నోడ్‌లో మొదటి నుంచి లేవాల్సొచ్చింది. క్లస్టర్‌ని తప్పుపట్టను, దానికి అందిన సమాచారంతో అది చేసింది సరైన పనే. ఆ స్క్రిప్ట్ అలా రాసి ఇచ్చినవాళ్ల మీద మాత్రం కోపం ఇప్పటికీ పోలేదు.

తర్వాత ఆ సర్వీసుకి ఓసీఎఫ్ ఏజెంట్ (క్లస్టర్ల కోసమే ఉన్న ప్రమాణం ప్రకారం రాసే స్క్రిప్ట్) రాసుకున్నాను. ఆగి ఉన్నదాన్ని ఆపితే ఏమవుతుందో ఓసీఎఫ్-టెస్టర్ అనే టూల్ ముందే పరీక్షించి చెప్పేస్తుంది. మానిటర్‌లో (సర్వీసు బాగుందో లేదో క్లస్టర్ అప్పుడప్పుడూ చేసే తనిఖీలో) పిడ్ ఫైల్ (ప్రాసెస్ నంబర్ రాసి ఉండే ఫైల్) చూసి ఊరుకోకుండా, సర్వీసుకి నిజంగా ఒక చిన్న రిక్వెస్ట్ పంపి జవాబు చూస్తున్నాను. ప్రాసెస్ బతికే ఉండి పని చేయకుండా బిగుసుకుపోయినా ఇప్పుడు దొరికిపోతుంది. కాకపోతే లోడ్ బాగా పెరిగినప్పుడు జవాబు ఆలస్యమై, డిఫాల్ట్ టైమ్‌అవుట్ 20 సెకన్లు దాటి, బాగున్న సర్వీసునే రీస్టార్ట్ చేసిన సందర్భం కూడా ఉంది. టైమ్‌అవుట్ పెంచాక ఆ గొడవ తగ్గింది.

నాది షేర్డ్ స్టోరేజ్ (రెండు నోడ్లూ వాడే ఒకే డిస్క్) కాబట్టి ఫెన్సింగ్ తీసేసే దారి లేదు, అందుకే ఏజెంట్ రాసే శ్రమ పడ్డాను. మంచి సిస్టమ్‌డీ యూనిట్ (ఇప్పటి లినక్స్‌లో సర్వీసుని నడిపే సెట్టింగుల ఫైల్) ఉన్న సర్వీసులని పేస్‌మేకర్‌లో సిస్టమ్‌డీ రకం రిసోర్స్‌గానే నడుపుతున్నాను, వాటికి ఏజెంట్ రాయాలని ఇంతవరకూ అనిపించలేదు.