ఐక్యాప్ సర్వర్లలో అదనపు కోర్లు: ఏ దారి మేలు?

హెచ్‌పీ ఇంటెగ్రిటీ సర్వరులో కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) ఉన్నంత మాత్రాన అన్నీ వాడుకోవడానికి వీల్లేదు. వాడకపు హక్కు కూడా ఉండాలి. ఆ హక్కుల లెక్క చూసేది ఇన్‌స్టంట్ కెపాసిటీ, అందరూ పిలిచే పేరు ఐక్యాప్. లోడు పెరిగితే శాశ్వత హక్కు కొనవచ్చు, తాత్కాలిక హక్కు వాడవచ్చు, ఒక పార్టిషన్ (సర్వరులో విడిగా నడిచే భాగం) కోర్లను మరొకదానికి మార్చవచ్చు, లేదా అనేక సర్వర్ల మధ్య హక్కులు పంచుకోవచ్చు. చాలామంది ధర చూసి ఎంచుకుంటారు. అర్ధరాత్రి చిక్కుపడితే ఏది త్వరగా విప్పుకోగలమన్నది అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

ఏ దారి పట్టినా ముందు చూడాల్సింది ఐక్యాప్‌స్టేటస్ అనే ఆదేశం చెప్పే రెండు అంకెలు: ఉద్దేశించిన కోర్లు, నిజంగా పనిచేస్తున్న కోర్లు. ఎనిమిది ఉద్దేశిస్తే ఏడే నడుస్తున్నాయనుకోండి, అప్పుడు లోపాన్ని ముందుగా హక్కుల్లో కాదు, హార్డ్‌వేర్‌లో వెతకాలి.

శాశ్వత హక్కులో చిక్కులు తక్కువ. వచ్చేది ఒక్కటే, కోడ్‌వర్డ్ (కొన్న హక్కును సర్వరులో నమోదు చేసే సంకేతం) దగ్గర. అది ఆ ఒక్క సర్వరుకే చెల్లుతుంది, పైగా జారీ అయిన వరుసలోనే ఎక్కించాలి. రెండోది ముందు ఎక్కిస్తే తిరస్కరిస్తుంది. టైపు చేయడంలో తప్పు జరిగిందేమోనని గంటలు గడిపేవారు ముందుగా మొదటి కోడ్‌వర్డ్ ఎక్కిందో లేదో చూసుకుంటే చాలు. అయితే ఈ సర్వర్లపై నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ హెచ్‌పీ-యూఎక్స్ 11ఐ వీ3కి ప్రామాణిక మద్దతు 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇప్పుడు ఈ ఖర్చును సమర్థించుకోవడం కష్టం.

తాత్కాలిక హక్కు లెక్క 30 ప్రాసెసర్-రోజుల చొప్పున. ఒక కోరుకు 30 రోజులు, పది కోర్లకు మూడే రోజులు. నెలాఖరు పనికి ఇంతకంటే అనువైనది లేదు. కానీ పని ముగిశాక కోర్లు ఆపడం మరిచిపోతే నిల్వ కరుగుతూనే ఉంటుంది, అప్లికేషన్లు మాత్రం హాయిగా నడుస్తుంటాయి కనుక ఎవరూ గమనించరు. అందుకే కోర్లు ఆపే ఆదేశాన్ని, తెరిచే రోజే క్రాన్‌లో (అనుకున్న వేళకు ఆదేశాలను తానే నడిపే సాధనం) పెట్టాలి. నిల్వ ఎప్పటికి అయిపోతుందో స్టేటస్ నివేదికే అంచనా చెబుతుంది. దాన్ని రోజూ చదవాలి.

ఒకే సర్వరులో వేరే పార్టిషన్ ఖాళీగా ఉంటే మాత్రం నా ఓటు కోర్ల మార్పిడికే. మొత్తం పెరగదు కాబట్టి కోడ్‌వర్డ్ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ముందు అక్కడ ఆపి, తర్వాత ఇక్కడ తెరవాలి. వరుస తిరగబడితే హక్కు చాలదనే సందేశం వస్తుంది.

గ్లోబల్ ఐక్యాప్, అంటే సర్వర్ల గుంపు, పెద్ద కేంద్రాలకే. ఒక సర్వరు కూలినా దాని హక్కులను మిగతావాటికి తెచ్చుకోగలగడం దీని అసలు బలం. కానీ పంపకమంతా గ్రూప్ మేనేజర్ అనే ఒక సిస్టమ్ చేతిలో ఉంటుంది. దానికీ సభ్య సర్వర్లకూ మధ్య ఎస్ఎస్‌హెచ్ (సురక్షిత నెట్‌వర్క్ అనుసంధానం) సంబంధం తెగితే హక్కులు ఉండి కూడా కదలవు. స్టాండ్‌బై (ప్రత్యామ్నాయ) మేనేజర్‌ను సిద్ధం చేసి, దానికి నియంత్రణ అప్పగించడం ఒకసారి సాధన చేయని బృందం ఈ దారి జోలికి పోకపోవడమే మంచిది.