గేమింగ్ ల్యాప్‌టాప్, అసెంబుల్డ్ డెస్క్‌టాప్: ఏది మేలు?

మా పిన్ని కొడుకు ఈ ఏడాది వరంగల్‌లో ఇంజినీరింగులో చేరాడు. చదువుకూ, సాయంత్రం ఆటలకూ పనికొచ్చేలా లక్ష రూపాయల లోపు కంప్యూటర్ కొనిస్తామని ఇంట్లో ఒప్పుకున్న మరునాడే నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, ల్యాప్‌టాప్ తీసుకోమంటావా, డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకోమంటావా?" అని అడిగాడు. వాడికి ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఆ రెండూ నేను సొంత సంపాదనతో కొని, ఏళ్ల తరబడి వాడి, రెండింటి సుఖమూ కష్టమూ చూసినవాణ్ణి.

2021లో ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ చిప్ (ఆట బొమ్మలను తయారుచేసేది అదే) ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్లతో లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించడం) చేసేవారు గ్రాఫిక్స్ కార్డులను ఎగరేసుకుపోతున్న రోజులవి. విడి కార్డు అసలు ధరకు దొరకడమే గగనంగా ఉండేది కనుక ల్యాప్‌టాప్ తప్ప దారి కనిపించలేదు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ మైనింగ్ పద్ధతికి స్వస్తి చెప్పింది. కార్డుల ధరలు అందుబాటులోకి వచ్చాక, ఆ ఏడాది చివర్లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోట, విడిభాగాలు కొని డెస్క్‌టాప్ కట్టించుకున్నాను. అందులోనూ ఆర్‌టీఎక్స్ 3060 కార్డే పెట్టించాను. ఒకే పేరుగల కార్డు రెండు రూపాల్లో నా దగ్గర ఉండటం వల్ల ఈ పోలిక నాకు ఊహ కాదు, రోజువారీ అనుభవం.

ముందుగా ఆ పేరు సంగతే చెప్పాలి, ఎందుకంటే కొనేవారు ఎక్కువగా మోసపోయేది అక్కడే. డెస్క్‌టాప్ 3060లో 12 జీబీ మెమరీ ఉంటుంది. అది 170 వాట్ల దాకా కరెంటు వాడుకుంటుంది. ల్యాప్‌టాప్ 3060లో మెమరీ 6 జీబీ మాత్రమే. దానికిచ్చే వాట్లు తయారీదారు ఇష్టాన్ని బట్టి 60 నుంచి 115 వరకు ఉంటాయి. విచిత్రమేమిటంటే కోర్ల (చిప్‌లో లెక్కలు చేసే చిన్న విభాగాల) లెక్క చూస్తే ల్యాప్‌టాప్ చిప్‌లోనే ఎక్కువ: అందులో 3840, డెస్క్‌టాప్ కార్డులో 3584. అయినా ఆటలో డెస్క్‌టాప్ కార్డే స్పష్టంగా ముందుంటుంది, ఎందుకంటే కోర్లు ఎన్ని ఉన్నా వాటికి చాలినంత కరెంటు అందాలి, పుట్టిన వేడి బయటికి పోవాలి. నా ల్యాప్‌టాప్‌లో ఆ చిప్‌కు 80 వాట్లే ఇచ్చారని కొన్న వారం తర్వాత గానీ నాకు తెలియలేదు. పెట్టె మీద ఆ సంఖ్య ఎక్కడా లేదు. ఆర్‌టీఎక్స్ 4070 విషయంలోనూ ఇలాంటి తేడాయే ఉంది: డెస్క్‌టాప్ కార్డులో 12 జీబీ, ల్యాప్‌టాప్ చిప్‌లో 8 జీబీ. కాబట్టి ల్యాప్‌టాప్ కొనేవారు కార్డు పేరుతో సరిపెట్టుకోకుండా, దానికి ఎన్ని వాట్లు ఇచ్చారో తప్పనిసరిగా కనుక్కోవాలి.

వేడి గురించి చెప్పాలంటే మన ఎండాకాలాన్ని కలుపుకొనే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో సైబర్‌పంక్ 2077 ఆడుతుంటే ల్యాప్‌టాప్ ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గరే నిలిచిపోయేది. ఆ వేడికి అది తన వేగాన్ని తానే తగ్గించుకునేది. మొదటి పావుగంట సాఫీగా సాగిన ఆట ఆ తర్వాత ఆగి ఆగి నడిచేది. ఆటలో మనిషిని నడిపించే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీల మీద ఎడమచేతి వేళ్లు ఎప్పుడూ ఉండాలి కదా, సరిగ్గా ఆ కీల కిందే వేడి ఎక్కువై, వేళ్లు తీసి ఆరబెట్టుకోవాల్సి వచ్చేది. ఏడాదిన్నర తర్వాత వెనక మూత విప్పి చూశాను. ఫ్యానుకూ, దాని పక్కనున్న సన్నని రాగి రెక్కలకూ మధ్య దుమ్ము ముద్దగా, నొక్కిన దూదిలా పేరుకుపోయి ఉంది. పట్టకారుతో లాగితే ఒక్క పొరగా ఊడి వచ్చింది. అది తీసి, చిప్ వేడిని బయటికి చేరవేసే థర్మల్ పేస్టు మార్చాక వేడి 8 డిగ్రీలు తగ్గింది. ఇదే పని డెస్క్‌టాప్‌లో ఎంత తేలికంటే, క్యాబినెట్ పక్క తలుపు రెండు మరలతో ఊడుతుంది, ముందున్న జల్లెడను కడిగి ఆరబెడితే చాలు. అదే 3060 డెస్క్‌టాప్‌లో వేసవిలో కూడా 72 డిగ్రీలు దాటలేదు. ఫ్యాన్ల చప్పుడు కూడా అంతే: ల్యాప్‌టాప్ ఆడినంతసేపూ హెడ్‌ఫోన్లు లేనిదే పక్క మనిషి మాట వినిపించేది కాదు.

తెర విషయంలో ఒక సూక్ష్మం ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ తయారు చేసిన బొమ్మ నేరుగా తెరకు పోదు. ప్రాసెసర్‌లో ఉండే చిన్న గ్రాఫిక్స్ గుండా వెళ్తుంది. బ్యాటరీ ఆదా కోసం చేసిన ఈ ఏర్పాటు ఆటలో కొన్ని ఫ్రేములను, అంటే క్షణక్షణం మారే బొమ్మలను, మింగేస్తుంది. మక్స్ స్విచ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఆ దారిని తప్పించవచ్చు. నా ల్యాప్‌టాప్‌లో అది లేదు. వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి వేగమైన షూటింగ్ ఆటలు ఆడేవారికి ఇది చిన్న విషయం కాదు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144 హెర్ట్జ్ తెర మీద సుమారు 7 మిల్లీసెకన్లు. తెర ఎంత వేగంగా మారగలిగినా కార్డు అన్ని ఫ్రేములు అందించకపోతే ఆ వేగం కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన విషయం మరమ్మతు. మూడో ఏట, వారంటీ ముగిసిన కొన్ని నెలలకు, నా ల్యాప్‌టాప్ ఆట మధ్యలో తెర నల్లబడి ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే నాలుగు రోజులు పెట్టుకుని, గ్రాఫిక్స్ చిప్ పోయిందని, అది మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది కనుక మొత్తం బోర్డు మార్చాలని, 46 వేలు అవుతుందని చెప్పారు. ప్రాసెసర్ బాగుంది, తెర బాగుంది, కీబోర్డు బాగుంది; కానీ గోరంత చిప్ పోయినందుకు అన్నీ కలిపి పారేయవలసిన స్థితి. ఆ రోజు సర్వీస్ సెంటర్ మెట్లు దిగుతూ పడిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాతి సంవత్సరం డెస్క్‌టాప్‌కు కూడా జబ్బు చేసింది. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు దానంతటది ఆగి మళ్లీ ఆన్ అయ్యేది. భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం వచ్చి, స్నేహితుడి దగ్గరున్నది తెచ్చి తగిలిస్తే చక్కగా నడిచింది. ఆ సాయంత్రమే సీటీసీకి వెళ్లి 550 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ 4,200 రూపాయలకు కొని, రాత్రి భోజనాల వేళకు మళ్లీ ఆటలో కూర్చున్నాను. ఎక్కడ చెడిందో అక్కడే బాగుచేసుకోగలగడం డెస్క్‌టాప్ ఇచ్చే అసలైన భరోసా, ఫ్రేముల లెక్క దాని తర్వాతే.

భాగాలు మార్చుకుని వేగం పెంచుకునే వీలు కూడా ఇదే గుణానికి మరో పార్శ్వం. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) దీనికి మంచి ఉదాహరణ: 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్‌తో మన చేతికి వచ్చిన ఆ సాకెట్‌లోనే, 2022లో వచ్చిన 5800ఎక్స్‌3డీ కూడా కూర్చుంటుంది, బోర్డుకు బయోస్ (దాని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయిస్తే చాలు. నేను రైజెన్ 5 5600తో మొదలుపెట్టి 2024లో రైజెన్ 7 5700ఎక్స్‌3డీకి మారాను. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ పాతవే. పాత ప్రాసెసర్‌లో 32 ఎంబీ ఉన్న ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) కొత్తదానిలో 96 ఎంబీ, దాని ఫలితం పెద్ద పటాలున్న ఆటల్లో వెంటనే కనిపించింది. ల్యాప్‌టాప్‌లో నేను మార్చగలిగినవి రెండే, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. అయితే ఆ ర్యామ్ మార్పును తక్కువ చేయకూడదు. దుకాణంలో 8 జీబీ ఒక్క పట్టీతో ఇచ్చిన ల్యాప్‌టాప్‌కు అలాంటిదే రెండో పట్టీ వేస్తే రెండు దారుల్లో డేటా ప్రవహించి, ఆట కుదుపులు బాగా తగ్గుతాయి. 2025 చివరి నెలల్లో డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఒక్కసారిగా పెరిగాక, పాత పట్టీలను కాపాడుకోగలగడం కూడా డబ్బు మిగుల్చుకోవడమే అయింది.

ఇంతవరకు చదివినవారికి నేను డెస్క్‌టాప్ పక్షమని అనిపిస్తుంది. అవును, పక్షమే. కానీ కరెంటు మాట వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌కు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. కరెంటు పోతే దానికి బ్యాటరీ ఉంది. సేవ్ చేసుకుని మూత మూయవచ్చు. బ్యాటరీ మీద ఆట మాత్రం సాగదు, 80 వాట్ అవర్ల బ్యాటరీని 150 వాట్లతో వాడితే అరగంటే కనుక ల్యాప్‌టాప్ తానే వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకుండా మన ఊళ్లలో గడవదు. 600 వీఏ యూపీఎస్ ఆట నడుస్తున్న వేళ బరువు మోయలేక బీప్ బీప్‌మని చేతులెత్తేసింది. 1000 వీఏది తీసుకున్నాక నిశ్చింత. కరెంటు బిల్లు తేడా భయపడినంత ఉండదు: రోజుకు మూడు గంటల చొప్పున ఆడితే, 300 వాట్ల డెస్క్‌టాప్‌కు నెలకు 27 యూనిట్లు, 150 వాట్ల ల్యాప్‌టాప్‌కు అందులో సగం. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా తేడా నెలకు సుమారు 110 రూపాయలు.

ఎర్తింగ్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నేను ఉన్న పాత అద్దె ఇంట్లో క్యాబినెట్‌కు మోకాలు తగిలితే చురుక్కుమనేది. యంత్రంలో లోపమని భయపడ్డాను. అసెంబుల్ చేసిన కుర్రవాడు ఫోన్‌లోనే, "సార్, మీ ప్లగ్గులో ఎర్త్ వైరు ఉందా, చూపించారా?" అని అడిగాడు. ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పితే మూడో రంధ్రం వెనక వైరే లేదు. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ దారి లేక ఇనుప డబ్బాలో నిలుస్తుందని అప్పుడు తెలిసింది. డెస్క్‌టాప్ కొనేవారు మొదట చూసుకోవలసింది ఆ మూడో రంధ్రాన్ని.

ఖర్చు లెక్క ఇలా ఉంది. నా ల్యాప్‌టాప్ లక్షకు కాస్త తక్కువ, అందులోనే తెర, కీబోర్డు, విండోస్, బ్యాటరీ అన్నీ ఉన్నాయి. డెస్క్‌టాప్‌కు 24 అంగుళాల 144 హెర్ట్జ్ మానిటర్‌తో కలిపి 86 వేలైంది. యూపీఎస్, కీబోర్డు, మౌస్ వేసుకునేసరికి 96 వేలకు చేరింది, విండోస్ లైసెన్సు అదనం. అంటే మొదటి రోజు రెండూ దాదాపు సమానం. తేడా నాలుగో ఏట బయటపడుతుంది.

కీబోర్డు, మౌస్ మాత్రం ఈ పోటీకి వెలుపలివి, అందుకే వాటి మీద ఖర్చు వృథా పోదు. ల్యాప్‌టాప్ రోజుల్లో కొన్న మెకానికల్ కీబోర్డు ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. అందులోని ఎర్ర స్విచ్‌లు 45 గ్రాముల ఒత్తిడికే, రెండు మిల్లీమీటర్లు దిగగానే పని చేస్తాయి. అంత తేలికైన తాకిడికి వేళ్లు అలవాటు పడ్డాక మామూలు రబ్బరు కీబోర్డు మీద పరుగు తీయడం బురదలో నడిచినట్టు ఉంటుంది. మౌస్ విషయంలో డీపీఐ (సున్నితత్వం) సంఖ్యల కన్నా పోలింగ్, అంటే మౌస్ తన కదలికను ఎంత తరచుగా చెబుతుందన్నది, ముఖ్యం: మామూలు ఆఫీసు మౌస్ 8 మిల్లీసెకన్లకు ఒకసారి కదలికను చెబితే, 1000 హెర్ట్జ్ గేమింగ్ మౌస్ ఒక్క మిల్లీసెకనుకు చెబుతుంది. వెయ్యిన్నర రూపాయల మౌస్‌తోనే ఆ మేలు దొరుకుతుంది.

చివరికి మావాడికి నేను చెప్పింది ల్యాప్‌టాప్‌నే కొనుక్కోమని. వాడిది ముగ్గురుండే హాస్టల్ గది, ఒక్కొక్కరికి ఒక ప్లగ్ పాయింటు, ల్యాబ్‌కు కంప్యూటర్ మోసుకుపోవాలి, సెలవులకు ఇంటికి తెచ్చుకోవాలి. బల్ల ఒకటి, ఎర్త్ ఉన్న ప్లగ్గు ఒకటి, మూడేళ్లు కదలనక్కరలేని గది ఒకటి ఉంటే వాడికీ డెస్క్‌టాప్‌నే చెప్పేవాణ్ణి. అయితే మూడు షరతులు పెట్టాను: గ్రాఫిక్స్ చిప్‌కు 100 వాట్లకు పైగా ఇచ్చినదే తీసుకోవాలి, మక్స్ స్విచ్ ఉండాలి, ఆటల కోసం మిగిల్చుకున్న డబ్బును మూడో ఏటి దాకా పొడిగించిన వారంటీకి పెట్టాలి. వాడు ఒప్పుకున్నాడు. మొన్న బయలుదేరేటప్పుడు నా పాత మౌస్‌ను, ల్యాప్‌టాప్ వెనక మూత విప్పే చిన్న స్క్రూడ్రైవర్‌ను వాడి సంచిలో పెట్టి, దసరా సెలవులకు వచ్చినప్పుడు ఫ్యాను రెక్కలు ఎలా శుభ్రం చేయాలో కూర్చోబెట్టి చూపిస్తానని చెప్పి పంపాను.